కింది కాయితం

ఇది మంచిగ లేదు సార్. మొకం మీదనే చెప్తున్న, మీరేమన్న అనుకోండ్రి.

నాకంటె ముందుగాల కవిత అని ఒక పోరి వచ్చింది గదా, ఆ పిల్లను ఏమడిగిండ్రు? "మానిటర్ అంటే ఏమిటమ్మా?" గంతే! తలుపవతల నిలవడి ఇన్న నేను. టీవీ అసోంటిది సార్ అన్నది, వెరీ గుడ్ అన్నరు, పంపిచ్చిండ్రు. నేను లోపలికి రాంగనే ఏమైంది మీకు? కండ్లద్దాలు తుడుసుకున్నరు. ప్రశ్నల కాయితం బోర్లేసిండ్రు. "ఇంపాక్ట్ ప్రింటర్‌కీ నాన్-ఇంపాక్ట్ ప్రింటర్‌కీ తేడా ఏమిటి? కార్బన్ పెడితే కింది కాగితం మీద కూడా అచ్చు పడేది దేంట్లో?" అన్నరు.

కింది కాగితం అనేటప్పుడు మీ మీసం కదిలింది సార్. నేను సూడలేదనుకున్నరా?

మీదికెల్లి పేరేందని అడుగుతున్నరు. ఏడాదిన్నర నా చేతి చాయ తాగిన మనిషి, హాల్ టికెట్ కండ్లకు దగ్గరగ పెట్టుకొని, "భూక్య ద్వాళి... ఏ ఆఫీసమ్మా?" అంటిరి. మీ ఆఫీసే సార్. రెండేండ్ల కింద మీరు మండలంల డిప్టీ తాసిల్దారు, నేను అటెండరు. ఇప్పుడు మీరు జనగామల పరీక్ష తీసుకునే పెద్దసారు, నేను ఇంక అటెండర్నే. గుర్తువట్టనట్టు చేసుడు మీకు రాదు. నవ్వు ఆపుకునేటప్పుడు మీ చెవులు ఎర్రగైతయి.

సరె సరె, జవాబుకే వస్తున్న. తెలువక నానుస్తలేను. ఎక్కడికెల్లి మొదలువెట్టాల్నో సూస్తున్న.

అసలు ప్రాక్టికల్ పరీక్ష అని పిలిచి, కరెంటు లేదని నోటితోని చెప్పుమంటిరి. గీ ముప్పై కంప్యూటర్లు కండ్లు మూసుకొని కూసున్నయి. మా అన్న చత్రు భూపాలపల్లిల బొగ్గుబాయి దిగుతడు. ఆయన తవ్విన బొగ్గు యాడికి పోతదో, ఆ కరెంటు ఎవలింట్ల ఎలుగుతదో గని, ఇక్కడ మాత్రం కిటికి ఎలుగుల పరీక్ష. ఆ... ఆ... రాజకీయం మాట్లాడొద్దంటరు. బందువెట్టిన.

నేను పాస్ గావాలె సార్. గిది మాత్రం నవ్వులాటకు చెప్తలేను. పాసైతె జూనియర్ అసిస్టెంటు. చాయ గిలాసలు కడుగుడు పోయి కుర్సీల కూసునుడు అయితది. మానుకోట హాస్టల్ల సదివే నా బిడ్డ సౌందర్య, నువ్వు కుర్సీల కూసున్న ఫోటో సూడాలె అని ఎప్పుడు ఫోన్ చేసినా అదే అంటది. మా ఆయన సోమ్లా ట్రాక్టర్ బోల్తావడి పోయినంక, ఆయన నౌకరి నాకిచ్చిండ్రు. నౌకరి ఆయనది. కుర్సి మాత్రం నాది గావాలె.

గని ఒక ముచ్చటున్నది. ఖాళీగున్న కుర్సి ఎవరి పక్కది? నిర్మలక్క పక్కది. మన సీనియర్ అసిస్టెంట్ నిర్మలక్క. రెండేండ్లాయె ఆమె నాతోని సక్కగ మాట్లాడక. ఆమె బల్ల మీద చాయ పెడితె గిలాస దిక్కే సూస్తది, నా దిక్కు సూడది. మాట్లాడని మనిషి పక్కకు పొద్దుందాక ఎట్ల కూసోవాలె సార్? దానికి మందు మీ ఒక్కరి కాడనే ఉన్నది. గది కూడ అడుగుదామనే వచ్చిన. ముందు పరీక్ష కానియ్యుండ్రి, ఆఖరుకు అడుగుత.

ఇగ ఇనుండ్రి. వరుసగ చెప్త, మార్కులు కూడ వరుసగ ఎయ్యుండ్రి.

కంప్యూటర్ లోపల ఉన్నదాన్ని మన కంటికో చెవికో చేతికో తెచ్చి ఇచ్చేది ఔట్‌పుట్ పరికరం. మానిటర్, స్పీకర్, ప్రొజెక్టర్, ప్రింటర్, ప్లాటర్. సరిపోయిందా?

మానిటర్ల అక్షరం కనవడ్తది గని అక్కడ అక్షరం ఉండది. చుక్కలుంటయి. ఎర్ర, ఆకుపచ్చ, నీలి, మూడు చిన్న చుక్కలు ఒక్క కాడ. మూడు ఎలిగితె తెలుపు, మూడు ఆరితె నలుపు. నాకిది పుస్తకం సదివి తెలువలే. మా యాడి, అంటె మా అమ్మ, రవిక మీద పూలు కుడుతుండె. దగ్గర పెట్టుకొని సూస్తె అన్ని దారం పొడుపులే. నాలుగడుగులు ఎనుకకు జరిగితె పువ్వు. ఆ పొడుపుల్నే మీరు పిక్సెల్ అంటరు. మానిటర్ల సూసేది సాఫ్ట్ కాపీ. కరెంటు పోతె అది కూడ పోతది, ఇప్పుడు పోలే?

స్పీకర్. దాని లోపల కాయితం గిన్నె ఒకటి ఉంటది. ఎనుక తీగచుట్ట, దాని ఎనుక అయస్కాంతం. కరెంటు వచ్చి పోతాంటె తీగచుట్ట ముందుకు ఎనుకకు కొట్టుకుంటది. కాయితం ఊగుతది, దాంతోని గాలి ఊగుతది, మన చెవుల పడ్తది. గిది ఎట్ల తెలుసు అంటరా? రెండువేల పదకొండుల సకల జనుల సమ్మెప్పుడు మన ఆఫీసు గేటు ముంగట టెంటు ఏసిండ్రు గదా. ఆ టెంటు మైకు స్పీకరు పగిలితె మన టైపిస్టు శ్యాం ఇప్పి బాగుచేసిండు, గోడ మీదికెల్లి సూసిన. పొద్దుగాల పది నుంచి ఆ స్పీకర్ల ఉద్యమం పాటలు. మీరు చెవుల దూది పెట్టుకొని, తలకాయ నొస్తుందని ఒకటే గులుగుడు. గని సార్, బల్ల కింద మీ కాలు తాళమేస్తుండె. ఊడ్వనీకి వంగిన, సూసిన. ఎవలికి చెప్పలే.

చెవులు మల్ల ఎర్రగైనయి.

ప్రొజెక్టర్ తెలుసు, బొమ్మను ఎలుగుల పెట్టి అద్దంలకెల్లి గోడ మీద పెద్దగ చేస్తది. ప్లాటర్ పెన్ను పట్టుకొని పటం గీస్తది, వరంగల్ల సర్వేవాళ్ళ కాడ సూసిన. గీత వంకర పోదు, మన సర్వేయరు గీసిన గీత లెక్క గాదు.

ఇగ ప్రింటర్లు. కాయితాన్ని తాకకుండ అచ్చేసేటియి నాన్-ఇంపాక్ట్. ఇంక్‌జెట్ ఏంజేస్తది? ఇంకు ఉమ్ముతది. మన ఆఫీసు గోడ మూలకు ఉమ్మినట్టు గాదు, సన్న చుక్కలు, లెక్క పెట్టి ఉమ్ముతది. లేజర్‌ల ఇంకు ఉండది, నల్ల పొడి ఉంటది. లోపల ఒక రోలు తిరుగుతది, దాని మీద ఎలుగుతోని అక్షరం రాస్తది, ఎలుగు తాకిన కాడ పొడి అతుక్కుంటది, కాయితం మీదికి వస్తది, వేడి రోలు కింద నలిగి కరిగి పట్టుకుంటది. గందుకే ఆ కాయితం జొన్నరొట్టె లెక్క వెచ్చగ వస్తది. ఆర్డీవో ఆఫీసుల ఉండె, మనకు లేకుండె.

మనకు ఉన్నది ఏంది? డాట్ మాట్రిక్స్. ఇంపాక్ట్. కొట్టి అచ్చేసేది. అగొ, మీ ప్రశ్న కాడికే వచ్చిన.

దాని తలకాయల సూదులుంటయి. మన దాంట్ల ఇరువై నాలుగు. సూదులు ఉరికివచ్చి రిబ్బన్‌ను పొడుస్తయి, రిబ్బన్‌ల ఇంకు కాయితం మీద చుక్కవడ్తది. చుక్క పక్కకు చుక్క, అక్షరం. సప్పుడు మాత్రం రేకుల మీద రాళ్ళవాన. మీకు తలనొప్పని దాన్ని బయటి అర్రల పెట్టిచ్చి, ఇంత పొడుగు వైరు గుంజిచ్చిండ్రు. మీరు లోపల టైపు కొట్టి బటన్ ఒత్తుతె, బయట నా ముంగట కాయితం వచ్చేది. గా వైరు పొడుగుతోనే కథంత అయింది సార్.

చెప్పొద్దంటరా? మీరడిగిన ప్రశ్నకు జవాబు గదే. ఎవలున్నరు ఇక్కడ? నేనే ఆఖరిదాన్ని.

సమ్మెల అందరు టెంటుల కూసున్నరు. ఆర్టీసీ బందు, బడులు బందు, బొగ్గుబాయిలు బందు. ఆఫీసుల మీరొక్కరు, నేనొక్కదాన్ని. మీరు గోదావరి అవతలోళ్ళు, మీకు సమ్మె లేదు. మరి నాకెందుకు లేదు? ప్రొబేషన్ల ఉన్న. సమ్మె చేస్తె మొగని పేరున వచ్చిన నౌకరి పోతదని అందరు బుగులువెట్టిండ్రు. బిడ్డ హాస్టల్ల, నేను గీడ. బుగులువడ్డ. దినాం పొద్దుగాల ఆ టెంటు ముంగటికెల్లి, తల దించుకొని, గేటు తాళం తీసుకొని లోపలికి వస్తుంటి. టెంటుల పాట ఆగేది గాదు, గని నేను పోయేదాక మాటలు ఆగేటియి.

గంతకు ముందు నిర్మలక్క నాకేమైతది? సోమ్లా పోయినంక అర్జీలన్నీ ఆమెనే రాసింది. ఆఫీసుల అడుగువెట్టిన నాడు, భయపడకు చెల్లె అని చెయ్యి పట్టుకొని తిప్పి చూపెట్టింది. ఇద్దరం ఒక్క టిఫిన్ డబ్బల తిన్నోళ్ళం సార్.

వంటావార్పు నాడు ఏమైంది యాదికున్నదా? రోడ్డు మీద పొయ్యిలు పెట్టి బగారన్నం వండిండ్రు, వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు పెట్టిండ్రు. నిర్మలక్క ఒక పళ్ళెం నిండ అన్నం, వంకాయకూర ఏసుకొని గేటు కాడికి వచ్చింది. నన్ను పిలిచింది. ఇన్ని దినాలకు పిలిచింది గదా అని ఉరికిన. "సారుకియ్యి. ఆంధ్రాయినైనా ఆకలి ఆకలే" అన్నది. పళ్ళెం నా చేతుల పెట్టి, మొకం అటు తిప్పుకొని పోయింది.

మీకు పంపింది సార్, నాకు పంపలే. ఇండ్లమీదికెల్లి కాకులను పిలిచి పెట్టిండ్రు ఆనాడు. నాకు పంపలే.

మీరు రెండు ముద్దలు తిని, కారం మండుతుందని నీళ్ళు తాగి, కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని, మిగిలింది నా దిక్కు జరిపిండ్రు. మీకు తెలువదు గని, నేను ముట్టలే. కుక్కకేసిన. తప్పే, అన్నాన్ని అట్ల చేయొద్దు.

చెయ్యి కడుక్కొని వచ్చి, మీరు ఏం చెప్పిండ్రు? "పైనుంచి ఆర్డరొచ్చింది ద్వాళీ. సమ్మెలో ఉన్నవాళ్ళందరికీ నోటీసులు ఇవ్వాలి. పేపర్ ఎక్కించు, మధ్యలో కార్బన్ పెట్టు" అన్నరు. శ్యాం లేడు గదా, మీరే కూసున్నరు టైపు కొట్టనీకి. రెండు వేళ్ళు. కోడి గింజలు ఏరినట్టు. ఒక్కొక్క పేరు పైకి సదువుకుంట కొట్టిండ్రు, మొదటి పేరు నిర్మల. ముప్పై ఒక్క పేర్లకు మూడు గంటలు వట్టింది. నవ్వకుండ్రి, నేను గడియారం సూసిన.

ఆ మూడు గంటలు నేను బయటి అర్రల కూసొని ఒక్కటే ఆలోచన. నోటీసు ఎవలు పంచాలె? అటెండర్. టెంటుల అడుగువెట్టి, ఒక్కొక్కల ముంగట నిలవడి, తీసుకో, ఈడ సంతకం పెట్టు అనాలె. నేను! నిర్మలక్క ముంగట! అడకత్తెరల పోకచెక్క అంటరే, గట్ల అయిపోయిన.

అల్మార కింద పాత రిబ్బన్ డబ్బ ఒకటి పడి ఉన్నది. ఇంకు చుక్క లేదు, అరిగి దారాలు తేలినయి. మంచి రిబ్బన్ తీసిన, గది పెట్టిన. మంచిదాన్ని చాయపత్తి డబ్బల దాచిన. రెండు దినాలు చాయ అదోరకం వాసనొస్తుంది అన్నరు సూడుండ్రి, గదే సార్ అది. తాగినందుకు మాఫీ.

మీరు లోపల బటన్ ఒత్తిండ్రు. బయట సూదులు కొట్టుడు మొదలువెట్టినయి. సప్పుడు మామూలే. సప్పుడు ఇని, అచ్చు అయితుందని మీరు కుర్సీల నిమ్మలంగ ఎనుకకు ఒరిగి ఉంటరు. నా ముంగట తెల్ల కాయితం వచ్చుడే వచ్చుడు. ముప్పై ఒకటి. ఒక్కదాని మీద అక్షరం లేదు. నా గుండె ఆ సూదులకంటె గట్టిగ కొట్టుకున్నది, గని లోపల్లోపల సంబురం. సూదిల దారం లేకుంటె కుట్టు ఎక్కడ పడ్తది? మా తండల చిన్న పోరికి కూడ ఎర్కున్న ముచ్చట గదా.

ఈడనే సార్, నా లంబాడి బుర్ర నన్ను ముంచింది. సూది, దారం, బట్ట, గంతవరకే ఆలోచన చేసిన. దారం లేదు, కుట్టు పడది, అయిపోయింది. కింద ఇంకో కాయితం ఉన్నది, నడిమిట్ల కార్బన్ నేనే పెట్టిన, ఆ సంగతే మరిచిన. సూది రిబ్బన్ ఉన్నదా లేదా అని సూడది. అది కొట్టుడు కొడ్తనే ఉంటది. ఆ దెబ్బ మీదున్న కాయితం దాటి కార్బన్‌కు తాకుతది, కార్బన్ నలుపు కింది కాయితానికి అంటుతది. మీది కాయితం తెల్లగ, కింది కాయితం మీద నల్లగ పేర్లన్నీ.

గిదే జవాబు. కార్బన్ కాపీ ఇంపాక్ట్ ప్రింటర్‌లనే వస్తది. ఇంక్‌జెట్‌ల రాదు, లేజర్‌ల రాదు, వాటికి దెబ్బ లేదు గనుక. పుస్తకంల రాసిందే చెప్పిన. మార్కులు ఏసినంకనే మిగతాది చెప్త.

ఏసిండ్రా? సూపెట్టుండ్రి. ఆ.

మీదున్న తెల్ల కాయితాలు పట్టుకొని మీ దగ్గరికి ఉరికొచ్చిన. "సార్, తెల్లగ వస్తున్నయి, మిషిని కరాబైంది" అన్న. ఎంత మంచిగ చెప్పిన! నాటకం ఆడేటోళ్ళు కూడ గంత మంచిగ చెప్పరు. మీరు లేచి బయటి అర్రలకు వచ్చిండ్రు. ప్రింటర్ మీదికి వంగిండ్రు. కార్బన్ లేపిండ్రు. కింది కాయితం సూసిండ్రు.

మీరు సూసుకుంటనే ఉన్నరు. నేను మీ ఎనుక నిలవడ్డ, ఏం సూస్తున్నరో నాకు కనవడలే. రిబ్బన్ డబ్బ మీద ఒక్కసారి చెయ్యి పెట్టిండ్రు. తీసిండ్రు. కింది కాయితాలన్నీ మడిచి మీ బ్యాగుల పెట్టుకున్నరు. "వేస్ట్ కాగితాలు, నేను చూసుకుంటాలే" అన్నరు. లోపలికి పోయి జనగామకు ఫోన్ చేసిండ్రు. "రిబ్బన్ ఎండిపోయిందండీ. హన్మకొండ నుంచి రావాలి. బస్సులు లేవు కదా, ఏం చేస్తాం" అన్నరు. ఏం చేస్తాం అని ఎంత దీనంగ అన్నరు సార్! నాకంటె మీరే పెద్ద నాటకం.

నాకు మూడు దినాల దాక తెలువనే తెలువదు. చెత్తబుట్ట తీస్తాంటె ఆ వాడిన కార్బన్లు చేతికి వచ్చినయి. ఏందో గీతలున్నయని కిటికి ఎలుగుకు పట్టిన. అక్షరాలు సార్! కొట్టిన కాడ నలుపు పోయి, పేర్లు పేర్లుగ ఎలుగు వస్తున్నది. మొదటిది నిర్మల. అంటె సారు సూసిండు. సూసి కూడ ఏమనలే. మల్ల రిబ్బన్ వచ్చిందా అని మీరు అడుగనే లేదు. సమ్మె అయిపోయేదాక ఆ మిషినికి దుమ్మే.

ఆ కార్బన్లు గాసునూనె స్టవ్వు మీద పెట్టి కాలవెట్టిన. దొంగకు తేలు కుట్టినట్టు, కిక్కురుమనలే. మీరు అడుగలే, నేను చెప్పలే. మీరు బదిలీ మీద జనగామకు వచ్చిండ్రు. ఇయ్యాల్ల ఒక ప్రశ్నల పెట్టి అడిగిండ్రు. రెండేండ్లు కడుపుల పెట్టుకున్నరు, గొప్పోళ్ళే.

ఒకటి మాత్రం ఒప్పుకుంట. తెలంగాణ కోసం రిబ్బన్ తీసిన్నంటె అబద్ధం అయితది. తెలంగాణ వస్తె మంచిదే, రావాలె. గని ఆనాడు నా మనసుల అది లేదు. నిర్మలక్క మొకం ముంగట ఆ నోటీసు పట్టుకొని నిలవడలేక తీసిన. గంతే సార్. కడుపుల లేంది కావలించుకుంటె రాదు.

ఇగ ఆఖరుకు అడుగుత అన్న గదా, గది అడుగుత.

పోయిన ఎండకాలం ప్రొబేషన్ అయిపోయింది, ఇగ భయం లేదని నిర్మలక్కకు అంత చెప్పిన. మీకు నోటీసులు రానియ్యనిది నేనే అక్కా అన్న. ఆమె నవ్వింది. కోపం చేస్తె మంచిగుండు. నవ్వింది. "ఇప్పుడు అందరు ఉద్యమం చేసినోళ్ళే చెల్లె. తెలంగాణ దగ్గరికొచ్చింది గదా" అన్నది. చేతుల రుజువు ఉన్నదా? పైన తెల్ల కాయితాలు పొయ్యిల పోయినయి. కార్బన్లు నేనే కాలవెట్టిన.

ఉన్నది ఒక్కటే. మీ బ్యాగుల మడిచిపెట్టుకున్న కింది కాయితం.

గది నాకియ్యుండ్రి సార్. ఒక్కటి సాలు, మొదటిది, నిర్మలక్క పేరున్నది. ఆ కాయితం దొరికితె నా నౌకరి ఊడుతదని రెండేండ్లు నిద్ర పట్టలే. ఇప్పుడు గదే కావాలంటున్న, నవ్వు వస్తలేదా మీకు? తీస్కపోయి ఆమె బల్ల మీద పెడ్త. తారీఖు ఉంటది దాని మీద, మీ హోదా ఉంటది. ఒక్క మాట అనకుండ పెడ్త. సూడనీ. ఇన్ని దినాలు నీ పేరు అచ్చయ్యి ఉన్నా నీ చేతికి ఎందుకు రాలేదో సూడనీ.

జల్ది అడుగుతున్న ఎందుకంటె, తెలంగాణ వస్తె మీరు మీ దిక్కు పోతరట గదా. మీరు పోతె ఇగ సాక్షి ఎవలు?

ఏంది సార్?

తల అడ్డం ఊపుతున్నరేంది?

దొరుకుతలేదా? సూడుండ్రి, పాత బ్యాగుల, పెట్టెల, ఏ పుస్తకం నడుమనన్న... నేను రేపొస్త. ఆగుత.

లేదా?

ఎన్నడు?

ఆనాడేనా? రూముకు పోంగనే? నీళ్ళు కాగవెట్టుకునే పొయ్యిల ఏసిండ్రా? ముప్పై ఒక్కటి కూడనా? ఒక్కటన్న...

నా కోసమా.

ఎవలన్న సూస్తె నా నౌకరి పోతదని.

అవు గదా. మీరు మంచోళ్ళు సార్. అందుకే ఆనాడు నిర్మలక్క మీకు పళ్ళెం పంపింది. ఆమెకు మనుషులను గుర్తువట్టుడు తెలుసు, నా ఒక్కదాని కాడనే తప్పింది.

కోపం లేదు. వట్టిగ అంటున్న. ఏడుస్తలేను సార్, ఫ్యాను లేదు గదా, చెమట. నీళ్ళు వద్దు. మీరు కూసోండ్రి.

మీరు ఫోన్ చేసి చెప్తరా ఆమెకు? వద్దు. నోటీసులు టైపు కొట్టిన చేతితోనే ఫోన్ కూడ కొడ్తరా? నేనే అడిగి చెప్పిచ్చిన్నంటది. అసలు నమ్మదు. మీకెందుకు ఆ తిప్పలు.

సమ్మె చేసిన దినాలన్నిటికి సర్కారు సెలవు రాసిచ్చింది, ఎవలకు ఏం కాలే. మన హాజరు రిజిస్టరు సూసిండ్రా సార్ మీరు? నేను బీరువ తుడిచేటప్పుడు తీసి సూసిన. ముప్పై ఒక్క పేర్ల ముంగట ఖాళీ గడులు. కింద, ఆఖరి వరుసల, దినాం ఒక సంతకం. ఒక్కటి కూడ తప్పలే. నాదే. నౌకరిల చేరిన కొత్తల, గుండ్రంగ, సక్కగ పెట్టిన. అది మాత్రం ఎవలు కాలవెట్టరు. పదేండ్లు దాచిపెట్టాలట, రూలు.

తెలంగాణ ఇయ్యాల్ల గాకుంటె రేపు వస్తది. వచ్చినంక ఎవలెవలు ఏం చేసిండ్రో చెప్పుకుంటరు. నన్నడిగితె డ్యూటీ చేసిన అంట. ఇంకేమంట?

పాస్ రాసిండ్రా? మంచిది. వస్త సార్.